రోబో అంటే వెట్టివాడు

మన సైన్సు మాస్టారు రోబో అన్నది చెక్ భాష మాట అని చెప్పి, దాన్ని లోకానికి తెచ్చిన చెక్ రచయిత కారెల్ చాపెక్ పేరు బోర్డు మీద రాశారు. పాఠంలో అంతకు మించి చోటు లేదు. మన బ్యాచ్‌లో పత్రికల్లో స్థిరపడ్డవాళ్ళు ఉన్నారు కనుక, ఆ మిగిలిన సంగతి ఇక్కడ రాస్తున్నాను. చాపెక్ పత్రికల మనిషి.

ఆయన 1890లో బొహీమియాలో, అంటే ఇప్పటి చెక్ దేశంలో, ఒక డాక్టరు ఇంట పుట్టారు. 1915లో ప్రాగ్‌లో తత్వశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నారు. వెన్నుపూసల జబ్బు వల్ల సైన్యంలోకి తీసుకోలేదు. 1917లో ‘నారోద్ని లిస్తీ’ పత్రికలో చేరారు. అన్న యోసెఫ్‌ను అక్కడ తీసేస్తే తనూ బయటికొచ్చి, 1921 నుంచి చివరిదాకా ‘లిదోవే నోవిని’లోనే పనిచేశారు.

1920లో అచ్చయిన ‘ఆర్.యు.ఆర్.’ నాటకంలో కృత్రిమ కూలీలకు ముందు లాటిన్ నుంచి ఒక పేరు అనుకున్నారు, అది అతకలేదు. బొమ్మ వేస్తున్న యోసెఫ్ నోట్లో కుంచె పట్టుకునే ‘రోబోత్’ అను, సరిపోతుంది అన్నారట. 1933లో చాపెక్ స్వయంగా తన పత్రికలో ఈ సంగతి రాసి, ఆ ఘనత తన అన్న యోసెఫ్‌దేనని చెప్పారు. చెక్‌లో ‘రోబొత’ అంటే దొర పొలంలో కూలి లేకుండా చేసే చాకిరీ. తెలంగాణ పల్లెలకు ఆ అర్థం విప్పి చెప్పక్కర్లేదు, అది వెట్టి.

ఆ రోబోలు ఇనుప బొమ్మలు కావు. జీవపదార్థాన్ని పిండిలా తొట్టెల్లో కలుపుతారు. కాలేయాలకూ మెదళ్ళకూ వేరువేరు తొట్లు, నరాలు వడకడానికి ఒక మిల్లు. ఫ్యాక్టరీ ఎక్కడ చెడిందో కూడా చాపెక్ లెక్కగా చూపిస్తారు. ఒక డాక్టరు కొన్ని రోబోల శరీర ధర్మం మారుస్తాడు, అక్కడ తిరుగుబాటు మొలుస్తుంది. తయారీ రహస్యం రాసిన కాగితాలు కాలిపోతాయి, గెలిచిన రోబోలకు తమలాంటివాళ్ళను చేసుకునే దారి ఉండదు.

సరుకు ఎవరు చేస్తారు, ఎవరు మోస్తారు, ఎవరు అమ్ముతారు అన్న విలేకరి ప్రశ్నలే ఆయన కల్పనకు ఎముకలు. 1922 నాటి నవలలో ఒక యంత్రం పదార్థాన్ని పూర్తిగా మండించి శక్తినిస్తుంది. ఆ మంటలో పదార్థంలో దాగిన దైవం బయటపడుతుంది. చుట్టుపక్కలవాళ్ళు భక్తిలో పడి ఉన్నదంతా దానం చేసేస్తారు. ఫ్యాక్టరీలు ఆగకుండా మేకులు పోస్తుంటాయి, వాటిని ఊళ్ళకు చేర్చే వ్యాపారి ఉండడు. గింజలకు ధర అడిగే రైతు ఒక్కడే లోకానికి తిండి పెడతాడు. పత్రికలో ముక్కలు ముక్కలుగా వచ్చినందుకు రెండో సగం చెదిరిపోయిందని నా అభిప్రాయం.

‘సాలమాండర్లతో యుద్ధం’ 1935-36లో అదే పత్రికలో సీరియల్‌గా వచ్చినా, అక్కడ ఆ బిగువు తప్పలేదు. సాలమాండర్ అంటే బల్లిలా ఉండే ఉభయచర జీవి. ఓ పెద్దింటి ద్వారపాలకుడు పొవొంద్రా సాలమాండర్ల మీద వచ్చిన ప్రతి వార్తనూ కత్తిరించి దాస్తాడు. నవల నడి భాగమంతా ఆ కత్తిరింపులే. సుమత్రా దగ్గర ముత్యాల కోసం మొదలైన బేరం వాటి చేతికి పనిముట్లనూ, ఆ పైన ఆయుధాలనూ ఇస్తుంది. వాటికి బతకడానికి తీరం కావాలి, అందుకని నేలను పేల్చి సముద్రంలో కలుపుతాయి. ఎక్కడా రాక్షసుడు లేడు, ప్రతి మెట్టులోనూ ఒక లాభం ఉంది. ఆయన పుస్తకాల్లో నాకు అన్నిటికన్నా గొప్పది ఇదే.

చాపెక్ 1938 డిసెంబరు 25న న్యుమోనియాతో పోయారు. 1939 మార్చిలో ప్రాగ్‌లోకి వచ్చిన నాజీ పోలీసులు, ఆయన లేరని తెలియక, అరెస్టు చేయడానికి ఇంటికి వెళ్ళారు. రోబో అన్న మాట ఇచ్చిన యోసెఫ్ 1945 ఏప్రిల్‌లో బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరంలో చనిపోయారు.