ఇరవై లీటర్ల బకెట్

నన్ను ఇక్కడికి, ఆఫ్రికాలోని లెసోతో దేశానికి, పంపిన సేవాసంస్థ మూడు నెలలకొకసారి ఒక నివేదిక కోరుతుంది. అందులో మొదటి ప్రశ్న, ఈ మూడు నెలల్లో మీ వల్ల ఎంతమంది ప్రయోజనం పొందారన్నది. నేను లెక్కలు చెప్పే మూడు తరగతుల పిల్లలను కూడితే ఒక అంకె తేలుతుంది. ప్రతిసారీ దానినే రాసి పంపుతున్నాను. ఈ ఊళ్లో నేను వేళకు తిని, చలికి కొయ్యబారకుండా, దారి తప్పకుండా బతకడానికి ఎంతమంది పాటుపడుతున్నారో చెప్పడానికి మాత్రం ఆ పత్రంలో గడి లేదు. నిజానికి ఆ లెక్కే పెద్దది.

లెసోతోకు నాలుగు వైపులా దక్షిణాఫ్రికాయే. దేశం మొత్తం మీద 1,400 మీటర్ల కంటే పల్లమైన చోటు లేదు. అంటే మన హార్స్‌లీ కొండల శిఖరం కంటే ఇక్కడి అడుగే ఎత్తు. రాజధాని మసేరు నుంచి మా ఊరున్న థాబా త్సేకా జిల్లాకు వచ్చే దారిలో ‘మొలిమో న్తుసే’ అనే కనుమ ఒకటి తగులుతుంది. ‘దేవుడా, నన్ను ఆదుకో’ అని దాని అర్థం. మన ఘాట్ రోడ్లలో డ్రైవర్లు మొదటి మలుపు దగ్గర బండి ఆపి కొబ్బరికాయ కొడతారు. ఇక్కడ కనుమ పేరే మొక్కు కాబట్టి ఎవరూ ఆపరు.

నేనుండేది రాతిగోడల మీద గడ్డి కప్పిన గుండ్రటి ఇల్లు. పక్కనే ఇంటి యజమానురాలి ఇల్లు ఉంటుంది. ఆమెను ‘మ్మే’ అని పిలుస్తాను. అమ్మ అని అర్థం. తెల్లవారకముందే ఊరి కింది ఊటకు వెళ్లి ఇరవై లీటర్ల బకెట్ నింపుకొని రావడంతో రోజు మొదలవుతుంది. దిగడం పది నిమిషాలు, ఎక్కడం ఇరవై నిమిషాలు. ఇక్కడి ఆడవాళ్లు గుడ్డను చుట్టకుదురులా చుట్టి, బకెట్‌ను తలకెత్తుకొని, చేతులు వదిలేసి మాట్లాడుకుంటూ ఎక్కుతారు. మొదటి వారంలో నేను చేత్తో మోసుకొచ్చిన బకెట్‌లో ఇల్లు చేరేసరికి సగం నీళ్లు కూడా మిగల్లేదు, చెప్పులు మాత్రం శుభ్రంగా తడిశాయి. మర్నాడు పొద్దున తలుపు తీస్తే గడప పక్కన నిండు బకెట్ ఉంది, దాని మీద మూత ఉంది, మూత మీద గాలికి ఎగరకుండా ఒక రాయి కూడా ఉంది. మ్మే మనవరాలు, ఏడో తరగతి పిల్ల, తన వంతు నీళ్లు తెచ్చుకున్నాక రెండోసారి దిగి నాకు తెచ్చిందట. నేను తలమీద మోయడం నేర్చుకునేదాకా, అంటే దాదాపు రెండు నెలలు, అలాగే తెచ్చింది. ఆ పిల్ల నా తరగతి పిల్ల కాదు కనుక నివేదికలో ఏ లెక్కకూ రాదు.

నీళ్లను పొదుపుగా వాడడం మాత్రం నాకెవరూ నేర్పనక్కర్లేకపోయింది. కర్నూలు జిల్లాలో ట్యాంకర్ కోసం బిందెలు వరుస పెట్టిన ఇంట్లో పుట్టాను. బియ్యం కడిగిన నీళ్లతో గిన్నెలు తొలిచి, ఆ నీళ్లతో గచ్చు తుడిచి, చివరికి వాటినే ఆకుకూర మడికి పోయడం చూసి, ఈ విదేశీయురాలికి ఇంగితం ఉందని మ్మే మొదటిసారి మెచ్చుకుంది. నాకు కష్టమనిపించింది మరొకటి. మా జిల్లాలోనే కాత్సే ఆనకట్ట ఉంది. ఎత్తు 185 మీటర్లు, మన శ్రీశైలం ఆనకట్టకు మరో నలభై మీటర్లు కలిపినంత. ఆ జలాశయం నుంచి సొరంగాల గుండా 1998 నుంచి దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్ ప్రాంతానికి నీళ్లు వెళుతున్నాయి. బదులుగా ఈ దేశ ఖజానాకు రాయల్టీ వస్తోంది. ఆ సొమ్ము ఈ చిన్న దేశానికి అవసరమే, కాదనను. కానీ శ్రీశైలం ముంపు ఊళ్ల కథలు వింటూ పెరిగిన మనిషికి, కొండ మీద నుంచి ఆ నీలం నీళ్లు చూసి, ఇంటికొచ్చి బకెట్‌తో ఊటకు దిగుతుంటే మనసు స్థిమితంగా ఉండదు.

భాష సంగతి కూడా చెప్పాలి. ఇక్కడివారి భాష సెసోతోలో నమస్కారాన్ని ‘లుమేలా’ అని రాసి ‘దుమేలా’ అని పలుకుతారు. దాని వెనక, మగవారైతే ‘న్తాతే’, ఆడవారైతే ‘మ్మే’ అని చేర్చకపోతే అది నమస్కారమే కాదు. న్తాతే అంటే తండ్రి. మన ‘అండి’ చేసే పనంతా అదే చేస్తుంది. అయినా పాతికేళ్లయినా నిండని సైన్సు మాస్టారిని పట్టుకొని న్తాతే అన్నప్పుడల్లా కుర్రవాణ్ణి తాతా అని పిలుస్తున్నట్టే ఉండేది. ఇంతకంటే పెద్ద చిక్కు పాప. మొక్కజొన్న పిండిని గట్టిగా కెలికి వండే సంగటిని ఇక్కడ ‘పాపా’ అంటారు. నేను రాత్రి పాపా తిని పడుకున్నానని ఫోనులో చెబితే మా అమ్మ ఉలిక్కిపడింది. ఇక ఎదురైన ప్రతి మనిషీ ‘ఉ యా కాయే?’ అని, అంటే ఎక్కడికి వెళుతున్నావని అడుగుతారు. గడప దాటేటప్పుడు ఎక్కడికని అడిగితే పని చెడుతుందని నమ్మే ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టి మొదట్లో లోపల్లోపల విసుక్కునేదాన్ని. ఒక సాయంత్రం కొండల్లో పొగమంచు దిగి నేను పక్క ఊరి బాటలో చిక్కుకున్నప్పుడు, నన్ను వెతుక్కుంటూ ఇద్దరు గొర్రెల కాపరి కుర్రాళ్లు ఎదురొచ్చారు. నేను ఎటు వెళ్లానో పొద్దున దారిలో అడిగిన నలుగురికీ తెలుసు కనుకనే వాళ్లు నేరుగా అటు రాగలిగారు.

ఆ కుర్రాళ్లు బడికి రారు. పదేళ్లు నిండకముందే మందతో కొండెక్కే పిల్లలు ఇక్కడ ఎందరో ఉన్నారు; అందుకే నా తరగతుల్లో ఆడపిల్లలే ఎక్కువ, దేశం మొత్తం మీద కూడా చదువొచ్చినవారిలో ఆడవాళ్లదే పైచేయి. మన ఊళ్లలో ఏరువాక సాగే జూన్ నెలలో ఇక్కడ పొద్దున బకెట్ మీద మంచు పలక కడుతుంది. గదిలో పిల్లలందరూ కంబళ్లు చుట్టుకొని, రాసే చేతిని మాత్రం బయటపెట్టి కూర్చుంటారు. నేనూ ఒక కంబళి కొనుక్కొని మొదటి రోజు కప్పుకొని బయలుదేరుతుంటే మ్మే నన్ను వాకిట్లోనే ఆపి, కంబళిని మొత్తం విప్పి, తిప్పి, మళ్లీ కప్పి పిన్నీసు పెట్టింది. చారలు నిలువుగా రావాలట, మొక్కజొన్న కంకి పెరిగినట్టు; అడ్డంగా వేసుకుంటే ఎదుగుదల ఆగిపోతుందట. ముప్ఫై ఎనిమిదేళ్లు వచ్చాక ఇంకా ఎదిగేదేముందని అనబోయి, సెసోతోలో అంత మాట కూర్చలేక ఊరుకున్నాను.

చలికి ఆసరా ‘దిసు’. గొర్రెల దొడ్డిలో ఏడాదంతా తొక్కుడుపడి బిగిసిన పేడను పలకలుగా తవ్వి ఎండబెడతారు. నాకంటే ముందు ఇక్కడ పనిచేసిన యూరప్ అమ్మాయి దానిని ముట్టుకోవడానికి నెల పట్టిందని మ్మే ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. పిడకల పొయ్యి మీద కాగిన పాలు తాగి పెరిగిన నాకు ఆ వాసన ఇల్లు గుర్తుచేసింది. అలాగే జొన్నపిండిని పులియబెట్టి కాచే ‘మొతోహో’ను మొదటిసారి నోట్లో పోసుకొని, ఇది మా అంబలే కదా అని తెలుగులోనే పైకి అనేశాను. పొద్దున అది ఒక గ్లాసు తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి జోలికి పోనవసరం లేదు.

బడిలో నా పని గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఎక్కువ లేదు. మూడో తరగతి దాకా సెసోతోలో చదివి, ఆపైన ఇంగ్లిషులో పడే పిల్లలకు బీజగణితం కంటే ముందు ప్రశ్న అర్థం కావాలి. కాబట్టి సగం సమయం భాషకే పోతుంది. భిన్నాలు చెప్పడానికి సంగటి ముద్దను కోసి చూపించిన రోజు మాత్రం అందరికీ అర్థమైంది. నన్ను తొలిచే సంగతి వేరే ఉంది. మా సైన్సు మాస్టారి అన్న గణితంలో పట్టా పుచ్చుకొని, పోస్టు మంజూరు కాక, మూడేళ్లుగా మసేరులో టాక్సీ నడుపుతున్నాడు. జీతం లేకుండా నేను నిలబడ్డ ఈ చోటు అతనిది కావచ్చునేమోనని ఒకసారి ఆ మాస్టారినే అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, మీరు లేకపోతే పోస్టు వస్తుందని ఏముంది, పిల్లలకు లెక్కలు ఉండవు, అంతే అన్నాడు. నన్ను నొప్పించకూడదని అన్నాడో, నిజమే అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఈ ప్రశ్న కూడా పత్రంలో ఉండదు.

శనివారం సెలవు అనుకుంటే పొరపాటు. ఇక్కడ అంత్యక్రియలు శనివారమే జరుగుతాయి. పెద్దవారిలో సుమారు అయిదుగురికొకరు హెచ్‌ఐవీతో జీవిస్తున్న దేశమిది. మందులు అందడం వల్ల ఇప్పుడు చాలామంది నిలదొక్కుకుంటున్నారు కానీ, శనివారాలు ఖాళీగా పోవడం ఇంకా అరుదే. శుక్రవారం రాత్రంతా పాటలతో జాగారం చేస్తారు, తెల్లవారాక ఖననం, ఆ తర్వాత ఊరంతటికీ భోజనాలు. మగవాళ్లు ఎద్దును కోస్తారు. ఆడవాళ్లు వరుసగా కూర్చొని క్యాబేజీలు, క్యారెట్లు, బంగాళాదుంపలు తరుగుతారు. మొదటిసారి నేను అతిథిలా కుర్చీలో కూర్చున్నాను, ఎవరూ ఏమీ అనలేదు. రెండోసారి మ్మే నా చేతికి కత్తీ ఒడిలోకి గోనెసంచీ ఇచ్చి, తన పక్కన నేలమీద చోటు చూపించింది.

ఈ రాత్రి కొవ్వొత్తి వెలుగులో నివేదిక నింపుతున్నాను. అంకె వేసేశాను. రేపు కింది వాడలో ఒక ముసలాయన ఖననం ఉంది. క్రితంసారి నా కత్తి మొద్దుబారిందని పక్కనున్న ఆడవాళ్లు ఒకటే నవ్వారు. పడుకునే ముందు వాకిట్లో రాతి మీద దానికి పదును పెట్టాలి.