అరవై దాటాక ఫ్లేవనాయిడ్లు: సీసాలోనా, పళ్లెంలోనా?

ఈ మధ్య ఏ ఇంటికెళ్లినా పెద్దవాళ్ల బీపీ, షుగర్ బిళ్లల డబ్బా పక్కన ఇంకో సీసా కొత్తగా కనిపిస్తోంది, మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ, కింద క్వెర్సెటిన్ అనో గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ అనో రాసుంటుంది. ఎందుకండీ ఇది అంటే ఫ్లేవనాయిడ్లు అంట, మతిమరుపు రాదంట, గుండెకి మంచిదంట అంటారు. మా ఇంట్లో డెబ్భై దాటినవాళ్లు ఇద్దరున్నారు కాబట్టి కొనాలా వద్దా తేల్చుకుందామని నేనూ కూర్చుని కాస్త లోతుగానే చదివా. డాక్టర్ని కాను, ముందే చెప్తున్నా. చదివాక నాకు తేలింది ఏంటంటే వీటిలో విషయం అయితే ఉంది, కాకపోతే ఆ విషయం సీసాలో కన్నా ఆ మనిషికి రోజు ఎలా గడుస్తుందో దాంట్లోనే ఎక్కువుంది.

అసలు ఇవేంటంటే, మొక్కలు తమ అవసరానికి తయారుచేసుకునే పదార్థాలు. ఎండ దెబ్బ నుంచి, పురుగుల నుంచి కాపాడుకోడానికి, పువ్వుకీ పండుకీ రంగు పట్టడానికి. వేల రకాలున్నాయి గానీ తిండి వరకు చూస్తే ఆరు గుంపులు: ఉల్లిపాయలు, ఆకుకూరల్లో ఫ్లేవోనాల్స్ (సీసా మీద కనిపించే క్వెర్సెటిన్ వీటిలోదే), టీలో కోకోలో క్యాటెచిన్ల లాంటి ఫ్లేవనాల్స్ (పేరు దగ్గరగా ఉన్నా ఇది వేరే గుంపు), నారింజ నిమ్మ జాతిలో ఫ్లేవనోన్లు, నల్లద్రాక్ష, బెర్రీలు, వంకాయ తొక్కకి ఆ రంగునిచ్చే ఆంథోసయనిన్లు, సోయాలో ఐసోఫ్లేవోన్లు, పార్స్లీ, సెలెరీ లాంటివాటిలో ఫ్లేవోన్లు. 1936లో ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గి అనే హంగరీ శాస్త్రవేత్త వీటికి విటమిన్ పీ అని పేరు పెట్టాడు, సన్న రక్తనాళాలకి వీటివల్ల బలం వస్తుందని ఆయన నమ్మకం. మరుసటి ఏడాదే ఆయనకి నోబెల్ వచ్చింది, అందులో విటమిన్ సీ మీద పనిది పెద్ద భాగం. విటమిన్ పీ పేరు మాత్రం నిలబడలేదు, ఎందుకంటే విటమిన్ అనాలంటే అది లేకపోతే ఫలానా జబ్బు వస్తుందని చూపించాలి, విటమిన్ సీ లేకపోతే స్కర్వీ వచ్చినట్టు ఫ్లేవనాయిడ్లు తక్కువైతే అలాంటిదేం రాదు.

పెద్దవాళ్ల విషయంలో మొదట గట్టిగా వినిపించింది నెదర్లాండ్స్‌లో జుట్‌ఫెన్ ఊరి స్టడీ, 1993లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 65 నుంచి 84 ఏళ్ల మగవాళ్లు 805 మంది, ఐదేళ్లు చూశారు. ఫ్లేవనాయిడ్లు ఎక్కువ తీసుకున్న గుంపులో గుండెజబ్బుతో పోయినవాళ్లు తక్కువ తీసుకున్న గుంపుతో పోలిస్తే సగం కూడా లేరు. నాకు ఇందులో నచ్చిన సంగతి వేరే ఉంది, వాళ్లు లెక్కేసిన రకాలు రోజుకి సగటున 26 మిల్లీగ్రాములే, అందులో 61 శాతం ఉత్త టీ నుంచి వచ్చింది, 13 శాతం ఉల్లి, 10 శాతం యాపిల్. ఎక్కడో కొండల్లో దొరికే మూలిక కాదు, మామూలు మనుషులు రోజూ తాగే టీ, తినే ఉల్లిపాయ.

ఇక్కడే నాకు అనుమానం మొదలైంది. రోజూ టీ పెట్టుకుని యాపిల్ కోసుకుని తినే 75 ఏళ్ల మనిషిని ఊహించుకోండి. ఆయనకి స్టవ్ దగ్గర నిలబడే ఓపిక ఉంది, యాపిల్ నమలడానికి పళ్లున్నాయి, పండ్లు కొనడానికి డబ్బుంది, తెచ్చుకోడానికి నడిచే కాళ్లో తెచ్చిపెట్టే మనిషో ఉన్నారు. ఇవేవీ లేని ఇంకొకాయన బ్రెడ్డు ముక్కతో రాత్రి భోజనం అయిందనిపిస్తాడు. పదేళ్ల తర్వాత ఇద్దరి ఆరోగ్యంలో తేడా వస్తే అది ఫ్లేవనాయిడ్ల వల్లా, మిగతా అన్నిటి వల్లా? స్టడీలు చేసేవాళ్లకి ఇది తెలీక కాదు, పొగతాగడం, వ్యాయామం, చదువు, బరువు అన్నీ లెక్కలోంచి తీసేసి చూస్తారు, అయినా అన్నీ తీసేయడం కుదరదు. డెన్మార్క్‌లో 56 వేల మందిని 23 ఏళ్లు చూసిన స్టడీ 2019లో వచ్చింది, అందులో కూడా ఫ్లేవనాయిడ్లు బాగా తినేవాళ్లు సాధారణంగా ఎక్కువ కదిలేవాళ్లు, తక్కువ పొగతాగేవాళ్లు. రోజుకి 500 మిల్లీగ్రాముల దాకా మరణాల రిస్క్ తగ్గుతూ వచ్చి ఆ తర్వాత ఇక తగ్గలేదు, అక్కడే ఆగింది. అంటే ఎంత ఎక్కువైతే అంత మంచిదనే సీసా లాజిక్ ఇక్కడ పనిచేయదు. ఆ 500 కూడా ఏమంత కష్టం కాదు, ఒక కప్పు టీ, ఒక యాపిల్, ఒక నారింజ, గుప్పెడు బ్లూబెర్రీలు, కాస్త బ్రోకలీ అయితే దాటేస్తుందని ఆ టీమే చెప్పింది. ఇంకో సంగతి, ఈ లాభం పొగ తాగేవాళ్లలో, మందు ఎక్కువ తాగేవాళ్లలోనే గట్టిగా కనిపించింది. దీన్ని చూపించి సిగరెట్ తాగి పైన గ్రీన్ టీ తాగితే సరిపోతుందనే మహానుభావులు కూడా ఉంటారు, అలా ఏం సరిపోదు, రిస్క్ మొదట్లోనే అంత ఎత్తున ఉన్నవాళ్లకి తగ్గడానికి చోటు ఎక్కువ, అంతే.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ స్టడీల్లో ఎక్కువ శాతం ప్రశ్నపత్రాల మీద నడుస్తాయి, పోయిన ఏడాది మీరు వారానికి ఎన్ని యాపిల్స్ తిన్నారు అని అడుగుతారు. జ్ఞాపకశక్తి మీద స్టడీ చేస్తూ జ్ఞాపకశక్తి మీదే ఆధారపడటం! అందుకే 2020లో ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో 25 వేల మంది యూరిన్ శాంపిళ్లలో ఫ్లేవనాల్స్ ఆనవాళ్లు కొలిచారు, మాట మీద కాకుండా. బాగా తక్కువున్నవాళ్లతో పోలిస్తే బాగా ఎక్కువున్నవాళ్లకి పై బీపీ సుమారు రెండు పాయింట్లు తక్కువుంది. వినడానికి చిన్నదే, కానీ మాట మీద కాకుండా కొలిచి చూపించిన తేడా కాబట్టి నేను దీన్ని ఎక్కువ నమ్ముతా.

మరి సీసాల సంగతి నిజంగా పరీక్షించారా అంటే పరీక్షించారు. అమెరికాలో కాస్మోస్ అనే ట్రయల్, 21 వేల మందికి పైగా, ఆడవాళ్లు 65 దాటినవాళ్లు, మగవాళ్లు 60 దాటినవాళ్లు. సగం మందికి రోజూ 500 మిల్లీగ్రాముల ఫ్లేవనాల్స్ ఉన్న కోకో ఎక్స్‌ట్రాక్ట్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర, మూడున్నరేళ్ల పైన. 2022లో ఫలితాలొచ్చాయి. గుండెపోట్లు, స్ట్రోకులు లాంటివన్నీ కలిపి చూస్తే నమ్మదగ్గ తేడా రాలేదు. గుండెజబ్బు మరణాలు మాత్రం విడిగా చూస్తే 27 శాతం తక్కువున్నాయి, కానీ అది వాళ్లు మొదట పెట్టుకున్న ప్రశ్న కాదు కాబట్టి దాన్ని పట్టుకుని ఊగిపోకూడదు. జ్ఞాపకశక్తి మీద 2023లో అదే ట్రయల్ నుంచి వచ్చిన ఇంకో భాగం నాకు అన్నిటికన్నా ఇంట్రెస్టింగ్‌గా అనిపించింది: అంతకుముందు తిండి బాగా లేనివాళ్లకి, ఫ్లేవనాల్స్ తక్కువగా ఉన్నవాళ్లకి కాస్త మెరుగైంది, ముందునుంచే బాగా తినేవాళ్లకి ఏమీ కాలేదు. అంటే లోటు ఉంటే పూడుతుంది, లేకపోతే పోసినదంతా వృథా. సీసా కొనేది సాధారణంగా ఎవరో గమనించండి, ముందే బాగా తినేవాళ్లు, నడిచేవాళ్లు, చదివేవాళ్లు. నిజంగా అవసరమున్న ఆ బ్రెడ్డు ముక్కతో సరిపెట్టుకునే ఆయనేమో సీసా కొనడు.

యాంటీఆక్సిడెంట్ అనే మాట మీద నాకు చిరాకు ఎక్కువే, అది కూడా కక్కేస్తా. టెస్ట్‌ట్యూబ్‌లో ఫ్లేవనాయిడ్లు కణాల్ని దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ని తుక్కు చేస్తాయి, నిజమే, కానీ రక్తంలోకి వెళ్లేది చాలా కొంచెం, అదీ లివర్ మార్చేశాక. చాలా భాగం పెద్దపేగుకి చేరుతుంది, అక్కడి బ్యాక్టీరియా దాన్ని ముక్కలు చేసి వేరే పదార్థాలుగా మారుస్తుంది, అసలు పనిచేసేది చాలావరకు అవేనేమో అని ఇప్పుడు చూస్తున్నారు. ఒకే టీ ఇద్దరికి ఒకేలా పనిచేయకపోవడానికి ఇదొక కారణం. ఆహారాలకి యాంటీఆక్సిడెంట్ మార్కులు వేసే పట్టికని అమెరికా వ్యవసాయ శాఖ 2012లోనే తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది, ప్యాకెట్ల మీద మాత్రం ఆ గొప్పలు ఇప్పటికీ పోలేదు.

సరే వంటింటి సంగతి. యాపిల్ ముక్కలు కోసి పెట్టి ఫోన్ మాట్లాడి వచ్చేసరికి అంచులు గోధుమరంగుకి తిరుగుతాయి చూడండి, అది కుళ్లడం కాదు, కత్తి పడ్డచోట కణాలు చిట్లి పాలీఫీనాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ బయటపడి గాలి తగలగానే ఈ ఫ్లేవనాల్స్ మీదే పడుతుంది. అరటిపండులో ఆ ఎంజైమ్ ఇంకా ఎక్కువ. కాలిఫోర్నియా డేవిస్ యూనివర్సిటీ వాళ్లు 2023లో అరటిపండు వేసిన స్మూతీ తాగించి చూస్తే శరీరంలోకి చేరిన ఫ్లేవనాల్స్ 84 శాతం తగ్గిపోయాయి. అరటిపండు మానక్కర్లేదు, బెర్రీలతో కలిపి మిక్సీలో వేయకుండా విడిగా తింటే చాలు. ఉల్లిపాయకైతే క్వెర్సెటిన్ పై పొరల్లోనే ఎక్కువ, తొక్క తీసేటప్పుడు బద్ధకంగా రెండు మంచి పొరలు కూడా లాగేసి చెత్తబుట్టలో వేస్తాం కదా, పోయేది అదే. ఉడికించిన నీళ్లు పారబోసినా కొంత పోతుంది. కోకో పొడి నల్లగా ఉంటే మంచిదనుకుంటారు, క్షారం కలిపి ప్రాసెస్ చేస్తేనే అంత నల్లబడుతుంది, ఆ క్రమంలో ఫ్లేవనాల్స్ చాలావరకు పోతాయి.

పెద్దవాళ్ల దగ్గర అసలు అడ్డంకి జ్ఞానం కాదు, పళ్లు. మా అత్తగారికి కట్టుడు పళ్లు, యాపిల్ తొక్క దాని కింద ఇరుక్కుంటుంది, అందుకని తొక్క మొత్తం తీసేసి తినేవారు, క్వెర్సెటిన్ ఉండేదేమో ఆ తొక్కలోనే. ఇప్పుడు తొక్కతోనే పల్చగా కోసి కొంచెం నీళ్లలో మెత్తగా మగ్గనిచ్చి ఆ నీళ్లతో సహా ఇస్తున్నాం, "ఇదేంటమ్మా పసిపిల్లల తిండి" అన్నారు గానీ తింటున్నారు. నోరు ఎండిపోవడం ఇంకోటి, చాలా మందుల వల్ల వస్తుంది, వగరు పండ్లు అప్పుడు అస్సలు సయించవు. ఒంటరిగా తినేవాళ్లు రకరకాలు వండుకోరు, ఒక్క ప్రాణానికి ఇన్నా అంటారు. పక్కన కూర్చుని తినే మనిషి ఉంటే పళ్లెంలో రంగులు వాటంతటవే పెరుగుతాయి, దీనికి ఏ స్టడీ అక్కర్లేదు నాకు.

జాగ్రత్తలు రెండు మూడు ఉన్నాయి, ఇవి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. గ్రేప్‌ఫ్రూట్, పంపరపనస జాతి పండ్లు కొన్ని కొలెస్ట్రాల్ మందులతో, కొన్ని బీపీ మందులతో పడవు, పేగులో మందుని విరిచే ఎంజైమ్‌ని ఆపేయడంతో ఒక బిళ్ల వేసుకుంటే ఎక్కువ వేసుకున్నంత పనవుతుంది, సింవాస్టాటిన్, ఫెలోడిపిన్ అందులో ఉన్నాయి. గ్రీన్ టీ కప్పులో తాగితే ఇబ్బంది లేదు గానీ సీసాల్లో ఎక్స్‌ట్రాక్ట్‌గా రోజుకి 800 మిల్లీగ్రాముల ఈజీసీజీ (గ్రీన్ టీలో ఉండే ముఖ్యమైన క్యాటెచిన్), అంతకు మించి వెళ్తే లివర్ ఎంజైములు పెరిగే సూచనలున్నాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు ఇది చదివి రేపట్నుంచి ఆకుకూరలు ఒక్కసారిగా పెంచేయకండి, విటమిన్ కే వల్ల మందు లెక్క తప్పుతుంది, డాక్టర్‌తో మాట్లాడాకే.

టీ కూడా భోజనంతో పాటు తాగితే ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఐరన్ ఒంటికి పట్టనివ్వదు, రక్తం తక్కువున్నవాళ్లు గంట తేడా పెట్టుకోవాలి. రాత్రి నిద్ర పట్టట్లేదనే మామయ్యగారికి ఇవన్నీ చెప్పి ఏడింటి టీని నాలుగింటికి జరుపుదామన్నా, కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది మరి. నాలుగింటికి ఒకటి సరే, ఏడింటిది మాత్రం ఉండాల్సిందే అన్నారు, మీ స్టడీలోనే టీ మంచిదని ఉంది కదమ్మా అని నా మాట నాకే అప్పజెప్పారు. బేరం ఇంకా నడుస్తోంది.