కొళాయి గుంట, మోటారు, ట్యాంకరు: వేసవికి ముందు వీధిలో చూసుకోవాల్సినవి

మార్చి దాటిందంటే మన చిన్న ఊళ్ళ మున్సిపాలిటీల్లో, నగర పంచాయతీల్లో ఏ వార్డుకు పోయినా ఒకటే మాట: "మా వీధి చివరకు నీళ్ళు ఎక్కడం లేదు." అర్జీలు పెడతారు, కనబడిన నాయకుణ్ణల్లా నిలదీస్తారు, అప్పటికీ కాకపోతే ఖాళీ బిందెలతో రోడ్డెక్కుతారు. ఆ పూటకి ఒక ట్యాంకరు వస్తుంది. మర్నాడు మళ్ళీ మామూలే.

ఊరికి నీళ్ళే లేకపోవడం వేరు, ఓవర్‌హెడ్ ట్యాంకులో నీళ్ళు ఉండి కూడా వీధి చివరకు చేరకపోవడం వేరు. రెండూ కలిపి "నీళ్ళు రావడం లేదు" అని రాసిస్తే, ఆఫీసులో "చెరువులో మట్టం తగ్గింది" అని ఒక ముక్క రాసి కాగితం మూసేస్తారు. తప్పు పూర్తిగా వాళ్ళదీ కాదు. అర్జీలో పట్టుకోడానికి ఏమీ ఉండదు మరి.

మొదటి రకం కరువు మన చేతిలో లేదు. ఒంగోలుకు పడమట దర్శి, పొదిలి వైపు వాళ్ళకి నాగార్జునసాగర్ కుడి కాలవ నీళ్ళే ఆధారం. ఆ కాలవ గుంటూరు, పల్నాడు దాటుకొని వచ్చేసరికి మనం చివరి ఆయకట్టు. తాగునీటికని వదిలిన నాలుగు రోజుల్లోనే సమ్మర్ స్టోరేజీ ట్యాంకులు నింపుకోవాలి, వానలు పడేదాకా వాటితోనే నెట్టుకురావాలి. కావలి వైపైతే సంగం దగ్గర పెన్నా నీళ్ళు కావలి కాలవలోకి మళ్ళి రావాలి. బోరు వేసుకుందామంటే కనిగిరి, పామూరు చుట్టుపక్కల ఫ్లోరైడ్, సముద్రం వైపు ఉప్పు. కాబట్టి కాలవ నీళ్ళు అయిపోతే చేసేది తక్కువే. కానీ వీధి చివరి ఇళ్ళ బాధ చాలావరకు రెండో రకం. అది ఎక్కడ పుడుతుందో బిందె, సెల్‌ఫోను ఉంటే మనమే కనుక్కోవచ్చు.

నీళ్ళు వదిలిన 10 నిమిషాల తర్వాత, అలాగే ఆపడానికి 20 నిమిషాల ముందు, వీధి మొదటి ఇంట్లో, నడిమి ఇంట్లో, చివరి ఇంట్లో ఒకే రోజు 15 లీటర్ల బిందె ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. ఒకటిన్నర నిమిషం పడితే నిమిషానికి 10 లీటర్లు, గంటకి 600. మురుగునీటి పైపులైన్లు లేని ఊళ్ళకి కేంద్రం పెట్టుకున్న లెక్క మనిషికి రోజుకు 70 లీటర్లు. ఐదుగురున్న ఇంటికి 350. రోజు మార్చి రోజు గంట చొప్పున వదిలే ఊళ్ళో ఒక విడతలో 700 లీటర్లు రావాలి. ఆ లెక్కన 10 లీటర్ల ధార కూడా కాస్త తక్కువే. అదే బిందెకు మూడు నిమిషాలు పడితే గంటకి 300. ఆ ఇంటికి సగం కూడా అందడం లేదన్నమాట.

ఇక ఆ అంకెలు ఏం చెబుతున్నాయో చూడండి. మొదటి ఇంట్లో నిమిషం, చివరి ఇంట్లో ఆరు నిమిషాలు అయితే లోపం వీధిలోనే ఉంది. మూడు ఇళ్ళలోనూ ఒకేలా మెల్లగా వస్తుంటే వీధి మొదట్లో వాల్వు పూర్తిగా తెరవడం లేదు, లేదా ట్యాంకు సగమే నింపి వదులుతున్నారు. చుట్టూ బాగా వచ్చి ఒక్క ఇంట్లోనే సన్నగా వస్తే మున్సిపాలిటీతో పని లేదు. ఆ ఇంటి పాత జీఐ (జింకు పూత ఇనుప) పైపు లోపల తుప్పు పేరుకొని అరంగుళం దారి పెన్సిలంత అయి ఉంటుంది, లేదా మెయిన్ (వీధిలోని పెద్ద పైపు) మీద ఇంటి పైపును కలిపే ఫెర్రూల్ అనే చిన్న ముక్క పూడుకొని ఉంటుంది. తుప్పు పట్టని హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు వేయించుకొని, ఫెర్రూల్ శుభ్రం చేయించుకుంటే తీరుతుంది. చివరి ఇంటికి నీళ్ళు రావడమే అరగంట ఆలస్యమై, ముందు బుసబుసమని గాలి వస్తుంటే, ఖాళీ లైను నిండడానికే ఆ సమయం పోతోంది. వదిలే సమయం పెంచమని అడగాల్సింది ఇలాంటి వీధికే.

చివరి ఇళ్ళలో ప్రెషర్ తగ్గగానే అందరూ చేసే పని కొళాయి గుంట. ఇంటి ముందు రెండు మూడడుగులు తవ్వి, చుట్టూ ఇటుకో సిమెంటు వరో పెట్టి, పైపును కిందకి దించుతారు. కిందకి దించితే ధార పెరుగుతుంది, అందులో అబద్ధం లేదు. కొళాయి హెడ్డు కూడా పీకేస్తారు, అది ఉంటే ఆ కాస్త ధారా తగ్గుతుందని. బిందెలు నిండాక పైపు అలాగే కారుతుంటుంది, గుంట నిండి సైడు కాలవలోకి పొర్లుతుంది. నీళ్ళు ఆగాక ఆ గుంటలో ఏముంటుందో ఒకసారి వంగి చూడండి: రోడ్డు దుమ్ము, చెప్పుల మట్టి, అంట్లు తోమిన జిడ్డు, రెండు రోజులైతే దోమ పిల్లలు. వాటన్నిటి అడుగున తెరిచి ఉన్న పైపు మూతి.

అసలు హాని వాల్వు కట్టేశాక మొదలవుతుంది. లైనులో మిగిలిన నీళ్ళు పల్లానికి జారిపోతుంటే, మెరకన ఉన్న గొట్టం స్ట్రా పీల్చినట్టు బయటినుంచి లాగుతుంది. మునిగి ఉన్న ప్రతి పైపు మూతి నుంచి గుంట నీళ్ళు లైనులోకి పోతాయి. మళ్ళీ విడత వదిలినప్పుడు ఆ నీళ్ళే ముందు వస్తాయి, అదీ గుంట తవ్విన ఇంటికి కాదు, పక్కింటికి. "మొదటి పది నిమిషాలు నీళ్ళు పసుపుగా, వాసనగా వస్తున్నాయి" అనే ఫిర్యాదులో సగం ఇదే. ట్యాంకు దగ్గర క్లోరిన్ ఎంత కలిపినా మురికి దాన్ని తినేస్తుంది. చివరి కొళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ఇలాంటి వీధిలో అసలేమీ మిగలదు.

మిగతా సగం సైడు కాలవలో ఉంటుంది. మెయిన్ నుంచి ఇంటికి వచ్చే పైపు కాలవను దాటాలి కదా. చాలాచోట్ల మురుగులో మునిగే దాటుతుంది. జీఐ పైపు కాలవ గోడలోంచి బయటికొచ్చే చోటే తుప్పు పట్టి పిన్నీసు రంధ్రాలు పడతాయి. నీళ్ళు వదిలినప్పుడు సన్నగా కారుతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఆపాక అదే రంధ్రం మురుగును లోపలికి పీలుస్తుంది. కాలవ దాటే ముక్కను పూడిక మట్టం కన్నా పైకి లేపి, రెండంగుళాల పీవీసీ గొట్టంలోంచి పంపించి, రెండు చివరలూ కాలవ గోడలు దాటాక మూయించాలి. కాలవ పూడిక తీసే రోజే ఈ పని పెట్టుకుంటే పైపు కళ్ళకు కనబడుతుంది. మరుసటి రోజుకు మళ్ళీ మునిగిపోతుంది.

గుంట తీసేయమంటే చివరి ఇంటివాళ్ళు ఊరుకోరు, వాళ్ళ బాధ వాళ్ళది. దానికి మార్గం మూత ఉన్న సంపు. పైపు సంపులోకి దిగాలి గానీ దాని మూతి నీళ్ళలో మునగకూడదు. సంపు నిండి పొర్లే మట్టానికి కనీసం రెండంగుళాల పైన ఉండాలి, సంపు నిండగానే నీళ్ళను దానంతటదే ఆపే ఫ్లోట్ వాల్వు ఉండాలి. అక్కణ్ణుంచి మేడమీదకి మోటారు పెట్టి ఎంత తోడుకున్నా ఎవరికీ నష్టం లేదు. సంపుకు స్తోమత లేకపోతే కనీసం పైపుకు హెడ్డు బిగించి, విడత అయిపోగానే కట్టేసి, గుంటలో నీళ్ళు తోడిపోయాలి.

మోటారు సంగతి అందరికీ తెలిసిందే, అందరూ పెట్టేదే. అర హెచ్‌పీ మోటారు నిమిషానికి 30 లీటర్ల దాకా లాగుతుంది, మామూలు కొళాయి ధారకు మూడింతలు. వీధి మొదట్లో నాలుగు మోటార్లు తిరిగితే చివరి ఇంట్లో గాలే. పైగా నీళ్ళు వస్తున్నప్పుడే లైనులో పీల్పుడు మొదలై, పైన చెప్పిన రంధ్రాలన్నీ పనిచేస్తాయి. మున్సిపాలిటీ సరఫరా ప్రెషరును ఒక అంతస్తు ఇంటికి సరిపడా, అంటే 7 మీటర్ల ఎత్తుకు లెక్కగడతారు. మూడో అంతస్తు ట్యాంకు దాకా నేరుగా ఎక్కాలనుకోవడమే తప్పు. కొళాయికి మోటారు బిగిస్తే జప్తు చేసి కనెక్షన్ తీసేయవచ్చు. తీస్తారు కూడా, రెండిళ్ళకు. మూడో ఇంటి దగ్గరకు వచ్చేసరికి ఫోను వస్తుంది. కొన్నిచోట్ల నీళ్ళు వదిలే గంటసేపు కరెంటు ఆపుతారు. పని చేస్తుంది గానీ మే నెలలో పసిపిల్లలున్న ఇళ్ళకి అది శిక్షే. వీధిలో అందరూ ఒప్పుకొని ఒకేరోజు మోటార్లు పీకడం ఒక్కటే నిలబడుతుంది. ఒక్కరు మిగిలినా వారంలో అందరివీ వచ్చేస్తాయి.

ఇవి చూసుకున్నాకే అర్జీ. వాల్వు తిప్పే ఫిట్టరుతో ముందు మాట్లాడండి, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారి కన్నా ఆయనకే ఎక్కువ తెలుసు. "అన్నా, మా వాల్వు ఎన్ని చుట్లు తిప్పుతున్నావు, పూర్తిగా తెరిస్తే ఎన్ని చుట్లు?" అని అడగండి. పన్నెండు చుట్ల వాల్వు ఐదు చుట్ల దగ్గర పట్టేసిందని ఆయన చెబితే సగం పని అయినట్టే. పాపం చాలామంది ఔట్‌సోర్సింగ్ వాళ్ళు, తిట్లన్నీ వాళ్ళకే. అర్జీలో వార్డు, వీధి, ఏ వాల్వు కింద ఉంది, ఏ తేదీన ఎన్నింటికి వదిలి ఎన్నింటికి ఆపారు, మూడు ఇళ్ళ బిందె లెక్క, ఇవి రాయండి. అడిగేది కూడా తేల్చి రాయండి: వాల్వు మార్చాలా, చివర మూసేసిన లైనులో వాషౌట్ (లైను కడిగే వాల్వు) తెరిచి మట్టి వదిలించాలా, ఆ చివరను పక్క వీధి లైనుతో కలపాలా. "తగు చర్య తీసుకోగలరు" అని రాస్తే తగు చర్య వాళ్ళిష్టం.

వార్డు సచివాలయంలో ఎమెనిటీస్ సెక్రటరీ ఉంటారు. నీళ్ళు, కాలవలు, వీధి దీపాలు ఆయన కిందివే. అక్కడ ఇచ్చి నంబరు తీసుకోండి. కదలకపోతే కమిషనర్, ఆపైన సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అక్కడ ఇచ్చిన అర్జీ ఏమైందో 1100కి ఫోను చేసి అడగవచ్చు. పని కాకుండానే "పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తే ఊరుకోకండి, మళ్ళీ తెరిపించండి. ఆ రోజు బిందె లెక్క మళ్ళీ తీసి జతచేస్తే వాదన ఉండదు.

ట్యాంకర్ల దగ్గరకొస్తే, 5,000 లీటర్ల ట్యాంకరు 25 ఇళ్ళకి ఇంటికో 200 లీటర్ల డ్రమ్ము. గొట్టం ముందు చేతికి దొరికిన నాలుగిళ్ళవాళ్ళు మూడేసి డ్రమ్ములు పట్టుకుంటే చివరి ఎనిమిదిళ్ళకు కొట్లాటే. ఇళ్ళ వరస గోడమీద రాసి, ఒకసారి ఈ చివర, ఒకసారి ఆ చివర మొదలుపెట్టే వీధుల్లో గొడవలు తక్కువ. ట్రిప్పుకు సంతకం చేసేముందు ట్యాంకరు నిండా ఉందో లేదో మూత తీసి చూడండి. ఎన్ని ట్రిప్పులు తోలారో రాసిన కాగితాల (ట్రిప్ షీట్ల) మీదే బిల్లు నడుస్తుంది. కౌన్సిల్ ఉంటే అజెండాలో, లేకపోతే ప్రత్యేకాధికారి దగ్గర ఆ బిల్లులు ఆమోదానికి వస్తాయి. ట్రిప్ షీట్ల నకళ్ళు సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో ఇవ్వాలి.

నీళ్ళు పొలం బోరువి అయితే క్లోరిన్ ఉండదు. ట్యాంకరులోనే కలపాలి. బజారులో దొరికే బ్లీచింగ్‌లో పావు వంతు క్లోరిన్ ఉందనుకుంటే వెయ్యి లీటర్లకు 4 గ్రాములు వేస్తే లీటరుకు ఒక మిల్లీగ్రాము, ట్యాంకరుకు 20 గ్రాములు. పొడిని నేరుగా చల్లకూడదు. మగ్గులో ముద్దగా కలిపి, నీళ్ళు పోసి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రం పోయాలి. అరగంట ఆగాకే తాగడానికి. మూత తీసి పెట్టిన బస్తాలోని పొడి వాసన తప్ప బలం లేకుండా పోతుంది, అందుకే "బ్లీచింగ్ వేశాం" అన్న మాట నమ్మకుండా ఓటీ (క్లోరిన్ ఉందో లేదో చూపే ఆర్థోటోలిడిన్ మందు) చుక్కలతో పరీక్ష చేయించండి, నీళ్ళు పసుపురంగుకు తిరగాలి.

ఫ్లోరైడ్‌కు మాత్రం క్లోరిన్ పనికిరాదు, కాచడం అసలు పనికిరాదు. కాచితే నీళ్ళు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా. క్యాన్ల వాళ్ళు చూపించే టీడీఎస్ మీటరు నీళ్ళలో కరిగిన లవణాల మొత్తమే చెబుతుంది, ఫ్లోరైడ్‌ను విడిగా చూపించదు, సూక్ష్మజీవుల్ని అంతకన్నా చూపించదు. ల్యాబ్ రిపోర్టు అడగండి, లేదా ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబులో మీరే చేయించుకోండి. ఫ్లోరైడ్‌కు ఆ నీళ్ళతోనే రెండు మూడుసార్లు తొలిచిన లీటరు ప్లాస్టిక్ సీసా చాలు. సూక్ష్మజీవుల పరీక్షకైతే ల్యాబువాళ్ళిచ్చే సీసాయే వాడాలి: ఇనుప కొళాయి మూతిని మంటతో కాల్చి, రెండు నిమిషాలు నీళ్ళు వదిలి, సీసా మూత లోపలివైపు వేలు తగలకుండా పట్టి, ఐసు డబ్బాలో పెట్టి అదేరోజు ఇవ్వాలి. నీళ్ళు వదిలిన మొదటి నిమిషాల్లో ఒక సీసా, అరగంట తర్వాత ఒక సీసా పడితే, మురికి ట్యాంకు నుంచి వస్తోందో వీధిలో కలుస్తోందో రిపోర్టే చెబుతుంది. మొదటి సీసా కోసం మాత్రం కొళాయిని ముందురోజే కాల్చి శుభ్రం చేసి మూతికి కవరు కట్టి ఉంచండి, ఎందుకంటే ఆ నీళ్ళు రెండు నిమిషాలు వదిలేస్తే పట్టాల్సిందే పోతుంది.