‘కన్యక’ అన్న మాట వెంట రెండేళ్లు: హెబ్రీ నేర్చుకున్న నా అనుభవం

ఒక డిసెంబరు ఆదివారం మా సంఘపు సండేస్కూలులో పదో తరగతి కుర్రవాడు అడిగిన ప్రశ్నతో ఇది మొదలైంది. బైబిలు పాత నిబంధనలో, హెబ్రీ భాషలో ఉన్న యెషయా ప్రవక్త గ్రంథంలో, యేసు పుట్టుకను ముందే చెప్పిందని మేము నమ్మే 7:14లోని “కన్యక గర్భవతియై కుమారుని కని అతనికి ఇమ్మానుయేలను పేరు పెట్టును” అన్న వచనాన్ని నేను ప్రతి క్రిస్మసుకూ పిల్లల చేత చదివిస్తాను. ఆ రోజు అతడు లేచి, “టీచర్, హెబ్రీలో అక్కడ కన్యక అని లేదంట, పడుచుపిల్ల అని ఉందంట, నిజమేనా?” అన్నాడు. మూలం చూడకుండా వ్యాఖ్యానం చేయవద్దని ముప్పై ఏళ్లు కళాశాలలో తెలుగు విద్యార్థులకు చెప్పి పదవీ విరమణ చేసిన నేను, ఈ మూలంలో ఒక్క అక్షరం కూడా గుర్తుపట్టలేనని ఆ పిల్లల ముందు ఒప్పుకోవలసి వచ్చింది.

పూర్వం వేదాంత కళాశాలలో హెబ్రీ చెప్పిన ఒక వృద్ధ అయ్యగారు మా వీధికి రెండు వీధుల అవతల ఉండేవారు. ఆయన దగ్గర వారానికి రెండు సాయంత్రాలు కూర్చోవడానికి అనుమతి అడిగితే, “అరవై దాటాక అక్షరాభ్యాసం కష్టమమ్మా, అయినా పలక తెచ్చుకో” అన్నారు. నిజంగానే పలక తీసుకుని వెళ్లాను.

హెబ్రీలో ఇరవై రెండు అక్షరాలు, అన్నీ హల్లులే, కుడి నుంచి ఎడమకు రాయాలి. మన గుణింతపు గుర్తుల వంటి చుక్కలను, గీతలను క్రీ.శ. 7-10 శతాబ్దాల మధ్య మసోరెతులనే యూదు పండితులు, ముఖ్యంగా తిబెరియ పట్టణంలోనివారు, తరతరాలుగా వస్తున్న పఠన సంప్రదాయాన్ని అనుసరించి ఆ హల్లులకు చేర్చారు. అంతకు ముందు పాఠకుడు అచ్చులను తన చెవి జ్ఞాపకం నుంచే తెచ్చుకోవాలి. నన్ను ఎక్కువగా ఏడిపించినవి దాలెత్, రేష్ అనే రెండక్షరాలు; మొదటిదానికి పైమూల కోణంగా ఉంటుంది, రెండోదానికి గుండ్రంగా తిరుగుతుంది, తేడా అంతే. ద్వితీయోపదేశకాండము 6:4లో “యెహోవా అద్వితీయుడు” అని చెప్పే చోట ‘ఎహాద్’, అంటే ‘ఒక్కడు’ అన్న మాటను చివర రేష్ అనుకుని ‘అహేర్’ అని చదివాను. అయ్యగారు నవ్వు ఆపుకుని, “ఒక్క దేవుణ్ణి వేరే దేవుణ్ణి చేశావమ్మా” అన్నారు. సరిగ్గా ఈ పొరపాటు జరగకూడదనే లేఖకులు తోరా (మోషే ధర్మశాస్త్రపు ఐదు గ్రంథాలు) చుట్టలలో ఆ దాలెత్‌ను మిగిలిన అక్షరాల కంటే పెద్దదిగా రాస్తారని ఆ రోజే తెలిసింది.

క్రియల దగ్గరకు వచ్చేసరికి మాత్రం తెలుగు వ్యాకరణం నాకు అక్కరకు వచ్చింది. సాధారణంగా మూడు హల్లుల ధాతువు ఒకటి ఉంటుంది. దాన్ని ఏడు ప్రధాన రూపాలలో నడుపుతారు. ‘మాలఖ్’ అంటే రాజ్యమేలెను, ‘హిమ్లీఖ్’ అంటే రాజుగా చేసెను. చేయు, చేయించు అని ప్రేరణార్థకం బోధించినదాన్ని కాబట్టి ఇది నాకు కొరుకుడు పడింది. మన బైబిలులో వాక్యం తరువాత వాక్యం ‘మరియు’తో మొదలవుతుందని పూర్వం విసుక్కునేదాన్ని. హెబ్రీ కథనం ‘వ’ అన్న సముచ్చయంతో ముడిపడిన క్రియలతోనే నడుస్తుందని చూశాక ఆ విసుగు సగం తగ్గింది.

నా కృషికి మొదటి ప్రతిఫలం ఆదికాండము రెండో వచనంలోనే దొరికింది. “దేవుని ఆత్మ జలములపైన అల్లాడుచుండెను” అన్న చోట హెబ్రీలో ఉన్న మాట ‘మెరహెఫెత్’. ఇదే రూపంలోని ఇదే క్రియ ద్వితీయోపదేశకాండము 32:11లో మళ్లీ వస్తుంది. అక్కడ పక్షిరాజు తన గూడు రేపి పిల్లలపైని “అల్లాడుచు” రెక్కలు చాపుతుంది. రెండు చోట్లా మన అనువాదకులు ఒకే తెలుగు క్రియను వాడారు. సృష్టికి ముందరి చీకటి నీళ్ల మీద ఒక తల్లిపక్షి నీడ కదులుతున్నదని ఆ గ్రాంథికపు తెలుగులోనే ఉంది. అరవై ఏళ్లుగా నా చేతిలో ఉన్న పుస్తకంలో నేనే చూడలేదు.

ఆ తరువాత అయ్యగారు యూదుల గ్రంథాన్ని నా ముందు పెట్టి విషయసూచిక చదవమన్నారు. ప్రొటెస్టెంటుల పాత నిబంధనలో 39 గ్రంథాలు. అవే గ్రంథాలు యూదుల లెక్కలో 24. తోరా, ప్రవక్తలు, లేఖనములు అని మూడు విభాగాలు. దానియేలు ప్రవక్తలలో కాక మూడో విభాగంలో ఉంటాడు. మన క్రమం ఏలీయా ప్రవక్తను పంపుతానన్న మలాకీ మాటతో ముగిసి పాఠకుణ్ణి క్రొత్త నిబంధనలో మొదటిదైన మత్తయి సువార్త గుమ్మం దగ్గర నిలబెడుతుంది. వారి ముద్రిత ప్రతులు దినవృత్తాంతములతో ముగుస్తాయి; ప్రవాసంలోని ప్రజలు యెరూషలేముకు వెళ్లవచ్చునని పారసీక రాజు కోరెషు ఇచ్చిన ఆజ్ఞ అక్కడ చివరి మాట. ఆ మాటకొస్తే ‘పాత నిబంధన’ అన్న పేరే యిర్మీయా 31లోని ‘క్రొత్త నిబంధన’ను క్రైస్తవులు తమకు అన్వయించుకోవడం వల్ల పుట్టింది.

యెషయా ఏడో అధ్యాయానికి చేరేసరికి ఏడాదిన్నర గడిచింది. అక్కడున్నది ‘హా-ఆల్మా’, అంటే ‘ఆ యువతి’. కన్యాత్వాన్ని చెప్పడానికి ఎక్కువ దగ్గరగా ఉండే మాట ‘బెతూలా’ వేరే ఉంది. అయితే ఆదికాండము 24లో రిబ్కాను ఒకచోట బెతూలా అనీ మరొకచోట ఆల్మా అనీ అన్నారు కాబట్టి ఆల్మా కన్య కాకూడదనీ లేదు. క్రీస్తుకు పూర్వమే యూదులు చేసుకున్న గ్రీకు అనువాదంలో ఇక్కడ ‘పార్థెనోస్’ అని పెట్టారు. ఈ వచనాన్ని యేసు పుట్టుకకు అన్వయించే మత్తయి 1:23లో ఉన్నది ఆ మాటే. గ్రీకులో అది మామూలుగా కన్యకే. కానీ అదే గ్రీకు అనువాదం ఆదికాండము 34:3లో, చెరచబడిన తరువాతి యాకోబు కూతురు దీనాను కూడా పార్థెనోస్ అనే అంటుంది. ఒక్క మాటను పట్టుకుని గెలవాలనుకునే ఇరుపక్షాలకూ ఇది ఇబ్బందే. క్రీ.శ. రెండో శతాబ్దంలోనే జస్టిన్ అనే క్రైస్తవుడు త్రుఫోను అనే యూదునితో జరిపినట్లు రాసిన సంవాదంలో ఇదే మాట మీద తగవు నడిచింది.

అసలు నేను ఏనాడూ చదివించనిది పదహారో వచనం. సిరియా రాజు రెజీను, ఇశ్రాయేలు రాజు పెకహు కలిసి యెరూషలేము మీదికి వచ్చినప్పుడు అక్కడి యూదా రాజు ఆహాజు గడగడలాడుతున్నాడు. పుట్టబోయే ఆ బిడ్డకు మంచిచెడ్డలు తెలియకముందే ఆ ఇద్దరి దేశమూ పాడవుతుందని ప్రవక్త చెబుతున్నాడు. క్రీ.పూ. 732లో సిరియా రాజధాని దమస్కు అష్షూరు రాజు వశమైంది కూడా. అంటే ఆ సూచన ముందుగా ఆహాజుకు అందవలసినది. ఇది అర్థమైన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లూ పిల్లలకు అబద్ధం చెప్పానా అనిపించింది.

మర్నాడు అయ్యగారు సమాధానం చెప్పకుండా హోషేయ 11:1 తెరిచారు. “నా కుమారుని ఐగుప్తుదేశములోనుండి పిలిచితిని” అన్నది జరగబోయే సంగతి కాదు, జరిగిపోయిన నిర్గమాన్ని తలచుకోవడం. ఆ కుమారుడు ఇశ్రాయేలు. ఆ మాటను యేసుకు అన్వయించిన మత్తయికి అది తెలియక కాదు. ఇశ్రాయేలు నడిచిన దారినే యేసు మళ్లీ నడిచాడని చూపడానికి ఆ మాటను ఎత్తుకున్నాడు. పునరుత్థానాన్ని నమ్మినవాడు వెనక్కి తిరిగి చదివే చదువు అది. “ఆహాజు విన్నది కొట్టివేయకమ్మా, మత్తయి విన్నదీ కొట్టివేయకు, ఎవరు ఎప్పుడు విన్నారో మాత్రం పిల్లలకు చెప్పు” అన్నారు అయ్యగారు. నేను ఇంతకంటే మంచి దారి చూడలేదు, అయితే ఇది అందరినీ తృప్తిపరచదని సంఘంలో ఇద్దరు పెద్దలు నాతో మాట్లాడటం మానేశాక తెలిసింది.

రెండో డిసెంబరులో ఏడో అధ్యాయాన్ని మొదటి వచనం నుంచి చదివించి, ఆ తరువాతే మత్తయి తెరిపించాను. పాత ప్రశ్న వేసిన కుర్రవాడు ఇప్పుడు ఇంటరు. “మరి ఆహాజు కాలంలో పుట్టిన ఆ బిడ్డ ఎవరు టీచర్?” అన్నాడు. ఆహాజు కొడుకు హిజ్కియాయేనని కొందరు యూదులు చెప్పేవారని త్రుఫోను సంవాదంలో ఉందన్నాను. పిల్లలు రాజుల రెండో గ్రంథం తీశారు. ఆహాజు ఇరవయ్యో ఏట రాజై పదహారేళ్లు ఏలాడు. అతని తరువాత రాజైనప్పుడు హిజ్కియాకు ఇరవై అయిదు. కుర్రవాడు బోర్డు మీద తీసివేత వేసి, “ఆహాజు గద్దె ఎక్కేసరికే వీడికి తొమ్మిదేళ్లు, ఇక పుట్టబోయేదేమిటి?” అన్నాడు. ముందు బెంచీలోని చిన్నపిల్ల ఇరవైలోంచి తొమ్మిది తీసేసి, “అయితే వాళ్ల నాన్నకు అప్పుడు పదకొండేళ్లేనా?” అంది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.