క్యాంపు నేలకూ ఒక రిట్రీట్: ఈ ఏడాది పని డైరీ

శ్రమల దినాల రిట్రీట్ అయిపోయిన సోమవారం

ఈస్టరుకు ముందొచ్చే శ్రమల దినాల్లో, పనులన్నీ పక్కనపెట్టి ప్రార్థనలో గడిపే రిట్రీట్ మా సంఘపు క్యాంపులో మూడు రోజులు జరిగింది. ఆ మూడు రోజులూ మౌనధ్యానానికి వెళ్ళిన వాళ్ళంతా చాపెల్ వెనక చెట్ల మధ్య దారిలోనే నడిచారు. ఇవాళ ఒక్కడినే వెళ్ళి చూశాను. నిరుడు రెండడుగులున్న దారి ఐదడుగులైంది. బురద కనబడ్డ చోటల్లా ఒక్కొక్కరూ ఒక అడుగు పక్కకు వేస్తూ పోతే ఇలాగే అవుతుంది. చెట్ల వేళ్ళు బయటపడ్డాయి.

నేల ఎంత గట్టిపడిందో కొలిచాను. 15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న రేకు డబ్బాకు పైనా కిందా మూతలు తీసేసి, సగం దాకా నేలలోకి దించి, 450 మిల్లీలీటర్ల నీళ్ళు పోయాలి. ఆ వెడల్పుకు అది రెండున్నర సెంటీమీటర్ల వానతో సమానం. లోపల ప్లాస్టిక్ కాగితం పరిచి దాని మీద పోసి, తర్వాత మెల్లగా కాగితం లాగేస్తే మట్టి చెదరదు. మొదటిసారి పోసిన నీళ్ళు నేలను తడపడానికే, రెండోసారి పోసినప్పుడు టైమ్ చూడాలి. ఎవరూ తొక్కని చోట నాలుగు నిమిషాల్లో ఇంకాయి. దారి మీద నలభై నిమిషాలైనా ఇంకా మిగిలే ఉన్నాయి.

ఆ డబ్బా పక్కన కూర్చుని ఉండగా లేవీయకాండము 25వ అధ్యాయం గుర్తొచ్చింది. ఏడో సంవత్సరం భూమికి విశ్రాంతి ఇవ్వమని దేవుడు చెప్పాడు. మనకు కాలానికొక రిట్రీట్ ఉంది. మనల్ని మోసే ఈ నేలకు ఒక్కటీ లేదు.

పాస్టర్ గారితో మాట్లాడిన రోజు

ఆ దారి మూసేసి నేలకు విశ్రాంతి ఇద్దామన్నాను. "దారి మూసేస్తే ధ్యానానికి ఎక్కడికి వెళ్తారు బ్రదర్?" అని అడిగారు. అడగాల్సిన మాటే. కింద వైపు రాళ్ళ నేల మీదుగా ఇంకో దారి వేయొచ్చని తీసుకెళ్ళి చూపించాను. క్యాంపు స్థలాన్ని నాలుగు భాగాలు చేసి ఏటా ఒక భాగానికి పూర్తి విశ్రాంతి ఇవ్వాలని కమిటీ ఒప్పుకుంది. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

వేసవి పిల్లల క్యాంపు

ఉదయం బైబిలు పాఠం గృహనిర్వాహకుడి గురించి. అతను యజమాని కాదు, అప్పగించినదాన్ని చూసుకునేవాడు. పాఠం కాగానే అందరం మూసిన దారి దగ్గరికి వెళ్ళాం. గట్టిపడిన పైమట్టిని పెద్దవాళ్ళం మట్టి తవ్వే ఫోర్కుతో వదులు చేశాం. పిల్లలు ఎండుటాకులు తెచ్చి నాలుగు వేళ్ళ మందాన పరిచారు. చెట్టు మొదలుకు ఆకులు ఆనకూడదు, కాండం కుళ్ళుతుంది. దారి రెండు కొసల్లోనూ ఎండుకొమ్మలు అడ్డంగా వేశాం. ఒక పాప అట్ట మీద "ఈ నేల విశ్రాంతి తీసుకుంటోంది" అని రాసి కట్టింది. "వెళ్ళకూడదు" అని రాసి ఉంటే ఇంతమంది ఆగేవారు కాదని నా నమ్మకం.

యవనస్థులు, మిగతా మొక్కల్ని అణిచేస్తూ పాకే లంటానా పొదల పని పట్టారు. పైపైన నరికితే మళ్ళీ గుబురుగా చిగురిస్తుంది. కాండం, వేరు కలిసే చోటుకు కొంచెం కింద, మట్టిలోపల నరకాలి. కాయలు పండకముందే చేయాలి, లేకపోతే పిట్టలు గింజల్ని దూరదూరాలకు మోసుకెళ్తాయి. ఒక పొదలో గూడు, అందులో పిల్లలు కనబడ్డాయి. అవి ఎగిరిపోయేదాకా ఆ పొదను ముట్టుకోలేదు.

క్యాంప్‌ఫైర్ కూడా ఇకపై ఒకే చోట. నీళ్ళు పోసి, కర్రతో కలిపి, మళ్ళీ పోసి, బూడిద చేతికి చల్లగా తగిలాకే అక్కణ్ణించి లేవాలి.

మొదటి పెద్ద వాన

కొత్త దారి చాలాచోట్ల నిలిచింది. ఏటవాలు నేలకు అడ్డంగా దారి వేసేటప్పుడు, నేల వాలులో సగానికి మించి దారి వాలు ఉండకూడదు. మించితే దారే కాలువ అవుతుంది. అంచు వైపు మీటరుకు ఐదు సెంటీమీటర్లు పల్లం పెట్టాం. నీళ్ళు పలచగా పక్కకు జారిపోయాయి.

వాటర్ బార్ల దగ్గర, అంటే దారి మీద పారే నీళ్ళను పక్కకు మళ్ళించడానికి కట్టిన రాళ్ళ వరుసల దగ్గర మాత్రం పొరపాటు చేశాను. దారికి సరిగ్గా అడ్డంగా పెట్టడంతో వాటి వెనక ఒండ్రు పేరుకుని నీళ్ళు పైనుంచి దూకాయి. రెండు శనివారాలు కూర్చుని అన్నీ పీకి, 45 డిగ్రీలు ఏటవాలుగా, రాయి సగానికి పైగా నేలలో ఉండేలా మళ్ళీ పాతాం. కింది కొస తెరిచి ఉంచాం. తర్వాతి వానకు నీళ్ళతో పాటు ఒండ్రు కూడా పక్కకు వెళ్ళిపోయింది.

సెప్టెంబరు

సెప్టెంబరు 1ని సృష్టి కోసం ప్రార్థన దినంగా 1989లో ఆర్థడాక్స్ సంఘపు పేట్రియార్క్ (ప్రధాన మతాధిపతి) దిమిత్రియోస్ ప్రకటించారు. ఇప్పుడు చాలా సంఘాలు ఆ రోజు నుంచి అక్టోబరు 4, అంటే అస్సీసీకి చెందిన సెయింట్ ఫ్రాన్సిస్ పండుగ దాకా సృష్టి కాలం పాటిస్తున్నాయి. మా రిట్రీట్ కూడా అప్పుడే. మొక్కలు నాటుదామని అందరూ అడిగారు. ఈసారి వద్దన్నాను. నిరుడు నాటిన నలభైలో బతికినవి ఇరవై మూడు. ఒక్కో మొక్కను ఇద్దరికి అప్పగించి పాదు చేయించాం, కలుపు తీయించాం, నీళ్ళు పోయించాం, పేర్లు రాసుకున్నాం. నాటిన రోజుకన్నా ఆ తర్వాతి రెండేళ్ళే మొక్కకు ముఖ్యం. పెద్దావిడ ఒకరు తన మొక్క దగ్గర మోకాళ్ళూని ప్రార్థన చేశారు.

ఆగమన కాలం రిట్రీట్‌కు ముందు

క్రిస్మస్‌కు ముందొచ్చే ఈ ఆగమన కాలానికి లైట్లు వేదిక దగ్గర మాత్రమే, అదీ ప్రార్థన అయ్యేదాకా. చెట్లకు చుట్టలేదు.

పొద్దున అదే డబ్బా, అదే చోటు, అదే కొలత. పంతొమ్మిది నిమిషాలు. రెండోసారి పక్కనే ఇంకో చోట చూశాను, ఇరవై ఒకటి. తొక్కని చోటి నాలుగు నిమిషాలకు ఇంకా చాలా దూరం, కానీ ఆకుల కింద మట్టి వేలికి మెత్తగా తగిలింది. వానపాముల మన్ను కుప్పలు కనిపించాయి. అంచుల్లో గడ్డి లోపలికి పాకుతోంది.

కమిటీకి రాసి ఇచ్చాను: ఈ భాగాన్ని ఇంకో ఏడాది కూడా తెరవొద్దని. వచ్చే శ్రమల దినాలకు రెండో భాగం కూడా మూయాలి, దానికి మేకులు కొట్టి తాడు కట్టేశాను. డబ్బా అంచు వంగిపోయింది, ఆ లోపు ఇంకొకటి చేసుకోవాలి.