రిలీజ్ లెటర్ కోసం పదకొండు రోజులు

ఫుట్‌బాల్ ఆటగాళ్లు క్లబ్బు మారే గడువు, అదే ట్రాన్స్‌ఫర్ విండో, మూసేది జనవరి 31 అర్ధరాత్రి. పాత క్లబ్బు నన్ను వదిలేస్తున్నట్టు కాయితం మీద సంతకం పెట్టింది 30 సాయంత్రం ఆరుంబావుకి. దానికోసం పదకొండు రోజులు తిరిగాను. కోపం చల్లారాక రాస్తే తేదీలు మర్చిపోతానని ఇప్పుడే రాసేస్తున్నా.

నేను ఫార్వర్డ్‌ని, గోల్స్ కొట్టడం నా పని. తొమ్మిది సీజన్లు అయ్యాయి, ఇప్పుడు చేరింది ఏడో క్లబ్బు. ఉరుగ్వే స్ట్రైకర్ సెబాస్టియన్ అబ్రేయూ 2017 చివర్లో చిలీలోని ఆడాక్స్ ఇతాలియానోలో చేరి, 26 క్లబ్బులతో గిన్నిస్‌కెక్కాడు. అతని ముందు నాది పసిపిల్లల లెక్క. అయినా మన దగ్గర ఫార్వర్డ్‌కి ఊళ్లు తిరగక తప్పదు. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో 2021-22 నుంచి మైదానంలో నలుగురు విదేశీయులను ఆడించవచ్చు. ఆ నాలుగు చోట్లలో ఒకటి దాదాపు ప్రతి కోచ్ స్ట్రైకర్‌కే ఇస్తాడు. అదే సీజన్లో నైజీరియా స్ట్రైకర్ ఒగ్బెచే హైదరాబాద్ తరఫున 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ పట్టుకెళ్లాడు. అలాంటివాడు ముందుంటే బెంచీ మీది మనవాడికి దక్కేది ఆఖరి పది నిమిషాలు. అందుకే కింది లీగుల్లో తిరుగుతాం, అక్కడే జీతాలు ఆగుతాయి.

కొత్త క్లబ్బులో ట్రయల్ సులువుగానే అయింది. యోయో టెస్టుకి (20 మీటర్లు పోయి రావడం, పది సెకన్ల విరామం, మళ్లీ పరుగు) రెండు వారాల ముందు నుంచి తయారైతే చాలు. కృత్రిమ గడ్డి అని తెలిస్తే దానికోసమే చేసిన ఏజీ సోల్ బూట్లు పట్టుకెళ్లండి. మామూలు గడ్డి మైదానానికి వేసుకునే ఎఫ్‌జీ వేసుకుంటే స్టడ్ ఇరుక్కుని మోకాలు మెలిపడుతుంది.

మెడికల్ కూడా ఒక పూటలో అయిపోయింది. ఈసీజీ, ఎకో లాంటి గుండె పరీక్షలు చేయకుండా కాయితం మీద ఫిట్ అని రాసిచ్చే చోట మీరే అడిగి చేయించుకోండి. 2004 డిసెంబర్‌లో బెంగళూరులో ఫెడరేషన్ కప్ ఫైనల్లో గోల్ కొడుతూ కుప్పకూలి చనిపోయిన గోవా క్లబ్బు డెంపో ఫార్వర్డ్ క్రిస్టియానో జూనియర్‌ని ఈ ఆటలో ఉన్నవాడు మర్చిపోకూడదు. ఇంకోటి: ముందు మెడికల్, తర్వాత సంతకం. 'మెడికల్ పాసైతేనే ఒప్పందం చెల్లుతుంది' అని షరతు పెట్టడం ఫిఫా నిబంధనలకు విరుద్ధం. అయినా పెడతారు, కొట్టేయించండి.

ఇక అసలు సంగతి. పాత క్లబ్బులో నా జీతం నెలకి 60,000. టీడీఎస్ పది శాతం పోగా చేతికి 54,000. సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్ మూడు నెలలదీ రాలేదు. ఫిఫా బదిలీ నిబంధనల్లో 14బిస్ అని 2018లో చేర్చిన సెక్షన్ ఉంది: రెండు నెలల జీతం ఆగితే, ఆటగాడు రాతపూర్వకంగా నోటీసిచ్చి కనీసం 15 రోజులు గడువు పెట్టి, అప్పటికీ రాకపోతే న్యాయమైన కారణంతో ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. వాట్సాప్‌లో 'సార్, సాలరీ?' అని ముప్పైసార్లు పెట్టినా అది నోటీసు కాదు. ఏ నెలకు ఎంత రావాలి, ఏ తేదీకి రావాల్సింది, ఎన్ని రోజుల్లో కట్టాలి, కట్టకపోతే ఏం చేస్తాను అన్న నాలుగూ ఉండాలి. నేను జనవరి 4న ఒప్పందంలో ఉన్న క్లబ్బు ఈమెయిల్‌కి పంపి, అదే కాపీ స్పీడ్ పోస్ట్‌లో వేశాను. రసీదు, డెలివరీ రిపోర్టు దాచుకున్నాను. 19న గడువు తీరింది. రూపాయి రాలేదు.

మరి నేరుగా రద్దు చేసుకోవచ్చుగా అంటారు. చేసుకోవచ్చు. కానీ కొత్త క్లబ్బు జంకుతుంది. పాతవాళ్లు 'కారణం చెల్లదు' అని అభ్యంతరం పెడితే రిజిస్ట్రేషన్ ఆగుతుంది, ఇలాంటి గొడవలు తీర్చే ఫెడరేషన్ ప్లేయర్ స్టేటస్ కమిటీ తేల్చేలోపు సీజనే అయిపోతుంది. పైగా ఒక సీజన్లో మూడు క్లబ్బుల్లో రిజిస్టర్ కావచ్చుగానీ అధికారిక మ్యాచ్‌లు ఆడేది రెండింటికే. పాత క్లబ్బుకి ఈ సీజన్లో ఆడేశాను కాబట్టి మిగిలింది ఒక్క అవకాశం. అందుకని ఇద్దరి సమ్మతితో రద్దు కావాలని కొత్త క్లబ్బు పట్టుబట్టింది.

20న క్లబ్బు ఆఫీసుకి వెళ్లాను. మేనేజర్ మీటింగ్‌లో ఉన్నాడన్నారు. 21న ఊళ్లో లేడు. 22న ఉన్నాడు, 'ముందు కిట్ అప్పజెప్పు, తర్వాత మాట్లాడదాం' అన్నాడు. కిట్ రూమ్ బయట బల్ల వేసి, ఒప్పందం వెనక అతికించిన జాబితా తీసి, ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. ట్రైనింగ్ టీషర్టులు నాలుగు, షార్ట్స్ మూడు, ప్రయాణాల ట్రాక్‌సూట్ ఒకటి, పరుగు కొలిచే జీపీఎస్ వెస్ట్ ఒకటి, సాక్స్ ఆరు జతలు. సాక్స్ ఐదే తేలాయి. పక్కన అకాడమీ పిల్లలు నిలబడి చూస్తున్నారు. వాళ్లలో ఇద్దరికి నేను నియర్ పోస్ట్ (గోల్‌కి దగ్గరి స్తంభం) వైపు పరుగు నేర్పాను. మూడు నెలల జీతం ఎగ్గొట్టినవాళ్లు, ఒక జత మేజోళ్లకి 450 రూపాయలు కట్ చేస్తామని వాళ్ల ముందే రాసుకున్నారు. నోటమాట రాలేదు నాకు. రూమ్మేట్ మన విశాఖ కుర్రాడే, గోల్‌కీపర్. 'అన్నా, నా సాక్స్ ఇచ్చేయనా?' అన్నాడు. వద్దన్నాను.

కిట్ ఇచ్చేటప్పుడు సంతకంతో రసీదు తీసుకోండి. నేను తీసుకోలేదు. 24న మళ్లీ జీపీఎస్ వెస్ట్ ఏదని అడిగారు.

25న ఒక కాయితం నా ముందుకి నెట్టారు. ఇంగ్లీషులో ఒక పేజీ. మొదటి పేరాలో ఒప్పందం రద్దు. రెండోదాంట్లో, నాకు రావాల్సిన సొమ్మంతా ముట్టిందనీ, ఇక ఏ కమిటీ ముందూ ఏ క్లెయిమూ పెట్టననీ నా చేత చెప్పించారు. దీనికి బదులు ఒక నెల జీతం ఇస్తామన్నారు. కింద తేదీ చూశాను: రద్దు అమల్లోకి వచ్చేది ఫిబ్రవరి 2.

ఈ తేదీ వెనక ఉన్న మెలిక చాలామంది ఆటగాళ్లకి తెలియదు. విండో మూయకముందే ఒప్పందం ముగిసిన ఆటగాణ్ణి విండో తర్వాత కూడా రిజిస్టర్ చేయొచ్చు, నిబంధనల్లో ఆ వెసులుబాటు ఉంది. మూసిన తర్వాత ముగిస్తే ఆ దారి కూడా మూసుకుపోతుంది. అంటే ఆ కాయితం మీద సంతకం పెడితే, డబ్బూ పోతుంది, మిగిలిన సీజనూ పోతుంది. కావాలని వేశారా, గుమాస్తా తప్పా అని మేనేజర్‌ని అడిగితే నవ్వాడు. ఆ నవ్వు ఇంకా కళ్లముందే ఉంది.

సంతకం పెట్టకుండా ఫొటో తీసుకుని వచ్చేశాను. ఆ రాత్రే ప్లేయర్స్ అసోసియేషన్‌కి ఫోన్ చేశాను. 2006 నుంచి ఉన్న సంఘం. గొడవ మొదలైన రోజే చేయాల్సింది, ఆ బుద్ధి ఆలస్యంగా పుట్టింది. వాళ్లు చెప్పినట్టు మెయిల్ రాశాను: రద్దు పత్రం ఒకటి, బకాయిల పత్రం ఒకటి, రెండూ వేర్వేరు. రద్దు తేదీ జనవరి 31కి ముందే ఉండాలి. బకాయి అంకెల్లో, అక్షరాల్లో, కట్టే తేదీలతో ఉండాలి.

మెయిల్‌కి ఫారం 26ఏఎస్ (మన పేరు మీద ప్రభుత్వానికి కట్టిన పన్ను చూపే పత్రం) కాపీ కూడా జోడించాను. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా, ఆదాయపు పన్ను పోర్టల్‌లోకి వెళ్లి మీ 26ఏఎస్ చూసుకోండి. జూలై, ఆగస్టు జీతాల్లోంచి నా పేరు మీద కోసిన పది శాతం అక్కడ కనిపించలేదు. కోశారు, కట్టలేదు. జీతం బకాయి గురించి నాలుగు వారాలు నోరు మెదపని ఆఫీసు, ఈ ఒక్క పేజీ చూసి రెండు గంటల్లో ఫోన్ చేసింది.

28, 29 బేరం. డిసెంబర్‌తో కలిపి నాలుగు నెలలు, చేతికి 2,16,000. జనవరి జీతం వదులుకున్నాను. వదులుకోవాల్సింది కాదని మా నాన్న ఇప్పటికీ అంటాడు, ఆయన మాట నిజమే. మూడు చెక్కులు, ఒక్కోటి 72,000, తేదీలు నెల నెలా పదో తారీఖు. మాట కంటే చెక్కు ఎందుకు మేలంటే, బౌన్సయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వొచ్చు, 15 రోజుల్లో కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు చెక్కు బౌన్సులకి ఉన్న సెక్షన్ 138 కింద కోర్టుకెళ్లొచ్చు. చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది, అది మర్చిపోవద్దు. మేజోళ్ల 450 కూడా కొట్టేయించాను. అంత చిన్న మొత్తానికి అంత పట్టు దేనికని ఒకరన్నారు. ఆ బల్ల ముందు వాళ్లు నిలబడలేదు.

30న సంతకాలు. 31 పొద్దున కొత్త క్లబ్బు సీఆర్‌ఎస్‌లో (ఫెడరేషన్ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ వ్యవస్థ) అభ్యర్థన పెట్టింది, పాత క్లబ్బు మధ్యాహ్నం నాలుగున్నరకి ఆమోదించింది, రాత్రి తొమ్మిది దాటాక నా పేరు పక్కన కొత్త క్లబ్బు కనిపించింది. పాత క్లబ్బులో ఎవరి లాగిన్‌తో ఆ ఆమోదం ఇస్తారో ముందే కనుక్కుని ఉంచుకోండి. మా దగ్గర ఆ ఉద్యోగి సెలవులో ఉన్నాడు, బతిమాలి ఇంటి నుంచి చేయించాం.

ఇన్ని రోజుల్లో కనిపించని ఏజెంటు ఫిబ్రవరి 1 పొద్దున్నే ఫోన్ చేసి పది శాతం అడిగాడు. చిన్న జీతాలకి ఐదు శాతం దాటకూడదని 2023 నాటి ఫిఫా ఏజెంట్ల నిబంధనల్లో రాశారు. కోర్టు కేసుల వల్ల ఆ పరిమితి అమలు అదే ఏడాది చివర్లో ఆగింది. అంటే మీరు సంతకం పెట్టిన అంకే మీకు దిక్కు. నాతో అతను ఏ కాయితమూ రాయించుకోలేదు. కాబట్టి ఇవ్వలేదు.

మొదటి చెక్కు పాసైంది. రెండోది వచ్చే పదిన వేయాలి.