పాత కామ్రీలో పాత సీడీలు

నార్త్ కరోలినాలో పదిహేనేళ్ళు నిండి, డ్రైవింగ్ క్లాసు పూర్తి చేసిన పిల్లలకు లెర్నర్ పర్మిట్ ఇస్తారు. ఆ తర్వాత పెద్దవాళ్ళు పక్కన కూర్చుని 60 గంటలు బండి నడిపించాలి. అందులో 10 గంటలు చీకటి పడ్డాకే నడపాలి. అన్నీ లాగ్‌లో రాసి చూపించాలి. మా కేరీలోనూ, పక్కనున్న మోరిస్‌విల్‌లోనూ ఈ వయసు పిల్లలున్న తెలుగిళ్ళన్నిట్లో ఇదే గోల. మా ఇంట్లో ఆ పని నా మీద పడింది. మా ఆయన పక్క సీట్లో కూర్చుంటే అక్కడ లేని బ్రేకును తొక్కుతూనే ఉంటాడు, దాంతో అమ్మాయికి ఇంకా కంగారు. కొత్త బండి దాని చేతికివ్వడానికి మనసొప్పక పాత కామ్రీ బయటికి తీశాం. దానికి బ్లూటూత్ లేదు, సీడీ ప్లేయర్ మాత్రం నిక్షేపంలా ఉంది. పాటల్లేకుండా నడపనని అది మొండికేస్తే అటక మీద అట్టపెట్టె కిందికి దిగింది.

ఆ పెట్టెలో ఉన్నవన్నీ నావే. 2003లో ఎం.ఎస్. చదువుకని రాలీ వచ్చినప్పటి నుంచి పెళ్ళయిన మొదటి రెండు మూడేళ్ళ దాకా కొన్నవి. యూనివర్సిటీ ఎదురుగా హిల్స్‌బరో స్ట్రీట్‌లో స్కూల్‌కిడ్స్ రికార్డ్స్ అని ఒక కొట్టు ఉండేది. అక్కడ వాడిన సీడీలు ఆరేడు డాలర్లకు దొరికేవి. ఇంటికి ఫోన్ చేసుకునే కాలింగ్ కార్డు కూడా ఇంచుమించు అంతే, అందుకని ఏ వారం ఏది కొనాలో లెక్క చూసుకోవాల్సి వచ్చేది. ల్యాబ్‌లో రాత్రిళ్ళు మా కాలేజీ రేడియో డబ్ల్యూకేఎన్‌సీ పెట్టుకుని పనిచేసేదాన్ని. అందులో స్టూడెంట్లే నిద్రమొహాలతో వచ్చి తమకు నచ్చినవి వేసేవాళ్ళు. పాట నచ్చితే పేరు చేతి మీద రాసుకుని మర్నాడు కొట్టుకెళ్ళడం. రూమ్మేట్స్ అందరూ ఇవే పాటలు ఊరికే డౌన్‌లోడ్ చేసుకుంటుంటే డబ్బులు తగలేస్తున్నానని నన్ను తిట్టేవాళ్ళు.

పెట్టె తెరవగానే మా అమ్మాయి మొహం చూడాల్సిందే. "అమ్మా, నువ్వు కొన్నావా ఇవి? నువ్వా?" అని రెండుసార్లు అడిగింది. దానికి తెలిసిన అమ్మ ఆదివారం మనబడి తెలుగు క్లాసుకు తీసుకెళ్ళే అమ్మ, కర్ణాటక సంగీతం క్లాసు బయట కారులో కూర్చుని వర్ణం సరిగ్గా వచ్చిందా అని చెవులు రిక్కించే అమ్మ. కారులో ఇళయరాజా, ఇంట్లో శనివారం సుప్రభాతం. ఇక్కడ చాలామంది తల్లిదండ్రులం ఇంతే అనుకుంటాను. పిల్లలు పుట్టగానే ఒక్కసారిగా తెలుగుతనానికి ఏజెంట్లమైపోతాం. అంతకుముందు ఇదే ఊళ్ళో మనమూ కుర్రవాళ్ళుగా తిరిగామన్న సంగతి పిల్లలకు చెప్పే సందర్భమే రాదు.

మొదట పెట్టింది ఆర్కేడ్ ఫైర్ వాళ్ళ 'ఫ్యూనరల్'. 2004లో వచ్చింది. బ్యాండ్‌ది మాంట్రియల్, కానీ డిస్క్ వేసింది మా ఇంటికి అరగంట దూరంలోని డరమ్‌లో ఉన్న మెర్జ్ రికార్డ్స్. 1989లో ఇద్దరు సంగీతకారులు సొంతంగా పెట్టుకున్న చిన్న కంపెనీ అది. రికార్డింగ్ జరుగుతున్న రోజుల్లో బ్యాండ్ వాళ్ళ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పోయారు, ఆల్బమ్‌కు ఆ పేరు అందుకే. ఆ చలికాలంలోనే తెనాలిలో మా తాతయ్య పోయారు. నా చేతిలో ఇంకా ఉద్యోగం లేదు. వెళ్తే తిరిగి రావడానికి మళ్ళీ వీసా స్టాంపింగ్ అవుతుందో లేదో అని టెన్షన్. వెళ్ళలేదు. పెద్ద కర్మ అయ్యేదాకా ఈ డిస్క్ ఒక్కటే తిప్పి తిప్పి విన్నాను. ఎందుకు విన్నానంటే ఇప్పటికీ సరైన జవాబు లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఎవరూ పలకరించరు, అంతే కావచ్చు.

ఇన్నేళ్ళకు మళ్ళీ వింటుంటే నా చెవి వేరేచోట ఆగింది. ఇందులో 'హైతీ' అని ఒక పాట ఉంది. పాడిన రెజీన్ షసాన్ మాంట్రియల్‌లో పుట్టింది. వాళ్ళ అమ్మానాన్నలు దువాలియే నియంతృత్వం నుంచి తప్పించుకుని హైతీ వదిలి కెనడా వచ్చినవాళ్ళు. తను పుట్టని దేశం గురించి, తనవాళ్ళు వదిలేసిన ఊరి గురించి సగం ఫ్రెంచిలో సగం ఇంగ్లీషులో పాడుతుంది. ఇరవై మూడేళ్ళప్పుడు అది నాకు మంచి ట్యూన్ ఉన్న పాట, అంతే. ఇప్పుడు పక్క సీట్లో స్టీరింగ్ పట్టుకుని మా అమ్మాయి ఉంది, దాని తెనాలి నా నోటి నుంచి విన్న తెనాలే. చివరి పాట కూడా ఆవిడదే. వెనక సీట్లో కూర్చోవడంలో ఉన్న సుఖం గురించి మొదలై, డ్రైవింగ్ నేర్చుకోవడం దగ్గరికి వస్తుంది. మా అమ్మాయి ఎర్ర లైటు దగ్గర ఆపి "ఇది నాకోసం కావాలనే పెట్టావు కదా" అంది. లేదు, డిస్క్ అక్కడిదాకా వచ్చిందంతే.

ఆ తర్వాత పెట్టె మొత్తం ఇదే చూపుతో వెతికాను. సగానికి సగం వలస వచ్చిన వాళ్ళ పిల్లలు చేసినవే! అప్పట్లో ఇక్కడి మనిషిని అవుదామని కదా ఇవన్నీ కొన్నది.

ఎం.ఐ.ఏ. సంగతే చూడండి. లండన్‌లో పుట్టిన శ్రీలంక తమిళ అమ్మాయి, చిన్నతనం జాఫ్నాలో, యుద్ధం ముదిరాక శరణార్థిగా మళ్ళీ లండన్. మొదటి ఆల్బమ్ 'అరుళర్'కు నాన్న పేరు పెట్టింది, 2007లో వచ్చిన రెండో ఆల్బమ్ 'కళా'కు అమ్మ పేరు. రెండోది అమెరికాలో చేద్దామనుకుంటే వీసా దొరకలేదు. దాంతో దేశదేశాలు తిరిగి రికార్డ్ చేసింది, చెన్నైలో ఉరుమి డోలు వాయించేవాళ్ళను కూడా పిలిపించింది. వీసా రాకపోవడం వల్ల బాగుపడిన పని నాకు తెలిసి ఇదొక్కటే. అందులో 'జిమ్మీ' అని ఉంది, మన బప్పీ లహిరి 'డిస్కో డాన్సర్' పాటే. చిన్నప్పుడు పార్టీల్లో ఆ పాటకు డాన్స్ చేసేదట. ఉగాదికి ఇక్కడి స్టేజీ మీద మన పిల్లలతో మనం వేయించేవి మాత్రం ఏమిటి?

ఆ డిస్క్ పెట్టిన రోజు మా అమ్మ కూడా బండిలో ఉంది. ఆరు నెలలకని తెనాలి నుంచి వచ్చింది. మనవరాలు నడిపేటప్పుడు వెనక సీట్లో బెల్టు బిగించుకుని ఆంజనేయ దండకం గొణుక్కుంటూ కూర్చుంటుంది. మొదటి పాట 'బాంబూ బంగా' మొదలై కాసేపైంది. దండకం ఆగిపోయింది. "ఇదేమిటే, దళపతిలో పాట దరువులా ఉంది" అంది.

"అమ్మమ్మా, ఇది లండన్ సింగర్" అంది మా అమ్మాయి రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"ఏ ఊరైతే నాకెందుకు, అదే దరువు" అని అమ్మ 'సింగారాల పైరుల్లోన' ఎత్తుకుంది. పక్కనున్న మా చిన్నాడు ఫోన్‌లో వెతికి, ఇళయరాజా పేరు ఉందని పైకి చదివాడు. అమ్మ పాడినదానికి మూలమైన 1991 నాటి తమిళ పాటనే ఎం.ఐ.ఏ. ముక్కలు తీసి వాడుకుంది. ఇన్నేళ్ళుగా ఈ సీడీ నా దగ్గరుంది, నాకు తట్టలేదు. అమ్మ ఆ రోజంతా ఇంటికి ఫోన్ చేసిన ప్రతివాళ్ళకూ ఇది చెప్పింది.

బాలు గారి గొంతు ఉన్న ఆ పాట నుంచి మాట ఇంకో డిస్క్ మీదికి పోయింది. ఈసారి చిన్న కంపెనీల ఇండీ సంగీతం కాదు, పచ్చి పాప్. బ్రిట్నీ స్పియర్స్ 2003లో తెచ్చిన 'ఇన్ ద జోన్'. అందులోని 'టాక్సిక్' మా అమ్మాయి క్లాసులో అందరికీ నోటికొచ్చు, ఈ మధ్య పుట్టిన పాటేమో అన్నట్టు పాడతారు. ఆ పాటలో కోసేసినట్టు వచ్చే వయొలిన్లు 'ఏక్ దూజే కే లియే'లోవి. 1981లో లక్ష్మీకాంత్ ప్యారేలాల్ చేసిన 'తేరే మేరే బీచ్ మే' పాటలోంచి తీసుకున్నారు. ఆ సినిమాకే బాలు గారికి జాతీయ అవార్డు వచ్చింది. దాని అసలు రూపం 1978 నాటి మన 'మరో చరిత్ర'. భీమిలి ఒడ్డున తీసిన సినిమాలోంచి హిందీకి, అక్కడి నుంచి ఈ ఊరి హైస్కూల్ డాన్సుకు! అమ్మ ఆ సినిమా చూసిన మనిషి కాబట్టి కథ మొత్తం చెప్పింది. తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి, ఇళ్ళల్లో ఒప్పుకోరు, చివర్లో ఇద్దరూ పోతారు.

"ఇద్దరూ ఇండియన్సే కదా. మరి ప్రాబ్లమేంటి?" అంది మా అమ్మాయి.

అమ్మ నా వైపు చూసింది. నేను లేన్ మారమని చెప్పాను.

కార్నర్‌షాప్ అనే ఇంగ్లండ్ బ్యాండ్‌ది 1997 నాటి ఆల్బమ్ కూడా దొరికింది. అక్కడే పుట్టిన పంజాబీల బిడ్డ టిజిందర్ సింగ్ రాసిన 'బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశా' అందులోదే. ఆశా భోంస్లే మీద, నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డుల మీద ప్రేమతో కట్టిన పాట. దాన్ని వేగం పెంచి చేసిన రీమిక్స్ 1998లో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. నాకు అసలుదే ఇష్టం, తొందరలేకుండా నడుస్తుంది. 'చందమామ'లో 'నాలో ఊహలకు' పాడింది కూడా ఈ ఆశా గారే అని చెబితే మా అమ్మాయికి మొదట నమ్మకం కుదరలేదు. ఆల్బమ్ ఆఖర్న బీటిల్స్ 'నార్వీజియన్ వుడ్'ను పంజాబీలో పాడారు. 1965లో వాళ్ళు మన సితార్ తీసుకెళ్ళి వాయించిన పాట అది, ముప్ఫై రెండేళ్ళ తర్వాత అప్పు వసూలు చేసినట్టుంటుంది.

ఈ పిల్లలెవరూ అమ్మానాన్నలు పద్ధతిగా కూర్చోబెట్టి నేర్పినదాన్ని పట్టుకోలేదు, అది గమనిస్తున్నాను. పార్టీలో వినబడింది, ఇంట్లో రికార్డు మీద తిరిగింది పట్టుకున్నారు. కాబట్టి రేపు మా అమ్మాయి చేతిలో మిగిలేది వర్ణమో, దండకమో, వాళ్ళ నాన్న గిన్నెలు తోముతూ పాడే ఐటమ్ సాంగో చెప్పలేను. ఐటమ్ సాంగ్ అయ్యే అవకాశమే ఎక్కువ. అలాగని క్లాసులు మానిపించను. ఫీజు ఏడాదికి కట్టేశాం.

అన్నీ దానికి నచ్చాయని కాదు. న్యూట్రల్ మిల్క్ హోటల్ 1998 ఆల్బమ్ పెట్టి ఎంత ఊరించినా "ఎందుకలా అరుస్తున్నాడు" అని రెండో పాటకే తీసేసింది. మాగ్నెటిక్ ఫీల్డ్స్ వాళ్ళ '69 లవ్ సాంగ్స్' మూడు డిస్కులు. అందులో కొన్ని పాటలు పిల్లలతో వినేవి కావు, అమ్మ ఉండగా అసలే కావు. దాన్ని సీటు కింద దాచాను. చిన్నాడికి తెలుసు.

లాగ్‌లో రాత్రి గంటలు ఇంకా మిగిలాయి. ఈ శనివారం చీకటి పడ్డాక డరమ్ దాకా వెళ్దామని అమ్మాయి ప్లాను. 'ఫ్యూనరల్' ఎల్పీ రికార్డు కొనాలట. సీడీ ఉందిగా అంటే, అది నీదట, దానికి సొంతంగా కావాలట. నేను ఏడు డాలర్లకు కొన్నదాన్ని అంతకు ఎన్నో రెట్లు పెట్టి కొనాలి. పైగా ఇంట్లో రికార్డ్ ప్లేయరే లేదు.

"అది బర్త్‌డేకి" అంది.